బాపు నింపకుండ ఉంచిన నాలుగు గళ్లు

అన్నా, బాపు పజిల్ బుక్కును నువ్వు పాత కాయితాలు కొనే కబాడోనికి ఏసినవ్. నన్ను ఒక్క మాట అడగలే. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నవ్ కాబట్టి ఇక్కడ రాస్తున్న... అందరు చదువనీ.

మా చిన్నప్పుడు శాలిబండల మాది ఒక్కటే అర్ర. బాపుది కంచన్‌బాగ్ దిక్కు ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ల వంట పని. ఆదివారం పేపరు మాకు సోమవారం అచ్చేది... క్యాంటీన్ల అందరు చదివినంక, చాయ్ మరకలతోని. బాపు పజిల్ కత్తిరించి, అన్నం మెతుకులతోని పాత నోటుబుక్కుల అంటిస్తుండె. అడ్డం, నిలువు ఆయన చూసుకునేటోడు. దేశం పేరు అడిగితే మాత్రం పెన్సిల్ నా చేతికిచ్చేటోడు.

కాని ఒక షర్తు. పేరు తెలిసినా రాయొద్దు. ముందుగాల ఆ దేశం చుట్టుపక్కల ఏమేం దేశాలున్నయో చెప్పాలె.

"ఇరుగుపొరుగు ఎవరో తెల్వదు గని ఇల్లు తెలుసంటవా బిడ్డా?" అనేటోడు.

ఒకసారి 'ఏడెన్ రేవు ఉన్న దేశం, మూడు గళ్లు' అని అచ్చింది. యెమెన్ అన్న. పక్కదేశాలు తెల్వలే. బాపు నన్ను ఆటో తోలే సలీం చాచా దగ్గరికి పంపిండు. చాచాది బార్కస్. వాళ్ల తాత నిజాం ఫౌజుల పనికని ఆ దేశం నుంచే అచ్చిండట.

"అరే బేటీ, మా దాదా ఊరే అడుగుతున్నవా! మీద సౌదీ, పక్కకు ఒమన్. రాస్కో. మీ బాపుకు చెప్పు, నా ఫీజు ఒక చాయ్."

బాపు నిజంగనే చాయ్ తాపిండు. ఆ రోజు చాచా సముద్రం గురించి, తాత ఎక్కిన పడవ గురించి చెప్తుంటే... మస్తుసేపు అట్లనే కూసున్న.

పది తర్వాత నేను బడికి పోలే. బేగంబజార్‌ల గిన్నెల దుకాణంల ప్యాకింగ్ పని. దునియా గురించి నాకు ఎర్కైందంత ఆ బుక్కులదే.

పోయినేడు దవాఖాన మంచం మీద గూడ బాపు పజిల్ ఇడువలే. ఫోన్ చేసిండు. "దక్షిణ అమెరికాల సముద్రం లేని దేశమట, నాలుగు గళ్లు. బొలీవియానే, నాకెర్కనే. నువ్వచ్చి చుట్టుపక్కలవి చెప్పు, అప్పుడు రాద్దం."

పెండ్లిళ్ల సీజను. సేటు సెలవియ్యలే. రేపొస్త బాపూ అన్న.

రేపటికి బాపు లేడు.

బుక్కుల ఆ నాలుగు గళ్లు ఖాళీగనే ఉన్నయ్. పెన్సిల్ పట్టుకొని ఎన్నిసార్లు కూసున్ననో... చెయ్యి రాలే. నిజం చెప్త, అప్పుడు పోయినా నాకు పక్కదేశాలు రెండే తెలుసు.

మొన్న ఇంటికి సున్నమేసుకుంట నువ్వు అటక మొత్తం ఖాళీ చేసినవ్. అడిగితే ఏమన్నవ్? "నిండిన పజిళ్లు ఏం చేస్కుంటవే? పాత కాయితాలకు గింత లొల్లా?"

నిండలే అన్నా. ఒక్కనాడన్న తెరిచి చూసినవా?

పెరు, బ్రెజిల్, పరాగ్వే, అర్జెంటీనా, చిలీ. అయిదు నేర్చుకున్న. ఎవరికి చెప్పాలె?

ఇప్పుడు ఏ దేశమడిగినా ఫోన్ చిటికెల చెప్తది... నువ్వచ్చి చెప్పు అని ఆగేటోళ్లే లేరు. మీ ఇండ్లల్ల అట్ల ఆగినోళ్లుంటే కింద రాయుండ్రి. శాలిబండ దిక్కు పాత కాయితాలు కొనేటోళ్లు తెలిస్తే అది గూడ రాయుండ్రి.

అన్నా, ఏ బండోనికి ఇచ్చినవ్, అది ఏ గోదాముకు పోయింది? నాకు బుక్కు గావాలె. శుక్రవారం పొద్దుగూకే లోపు జవాబియ్యి.