తీగ మీద తడి చీర

నేను సరదా డిటెక్టివ్ కథలు రాస్తాను. వాటిలో దొంగల్ని పట్టే ఆవిడకి మూలం, బందరులో మా పాత పక్కింటి రూతమ్మ పిన్ని. కొత్త పుస్తకం అచ్చవగానే పిన్నికిద్దామని గుడివాడలో బస్సెక్కాను.

గుమ్మంలో బాబాయి ఒక్కడే కూర్చున్నాడు. పెరట్లో తీగ మీద పిన్ని నీలం చీర, ఇంకా నీళ్లోడుతోంది.

"చెప్పనా బాబాయ్? పిన్ని ఇప్పుడే స్నానం చేసి, లోపల తల దువ్వుకుంటోంది!" అన్నాను, నా డిటెక్టివ్‌లాగే వేలెత్తి.

బాబాయి తల దించుకున్నాడు. "పిన్ని పోయి రెండు నెలలైందమ్మా. పెట్టెలో ముక్కిపోయిన వాసన వస్తోందని ఆ చీర నేనే ఉతికాను."

సిగ్గుతో పుస్తకం సంచిలో దాచబోయాను. బాబాయి చెయ్యి చాపి అందుకున్నాడు.

"ఇందులో బతికే ఉందిగా?"

"ఉంది బాబాయ్."

ఆ రోజు నేను చెప్పినవాటిలో నిజం అదొక్కటే.