నేను దండం పెట్టని గోడ

మా ఆయన పోయి ఏడాది తిరగకముందే నేను రాజస్థాన్‌లోని బికనేర్‌కు టికెట్లు బుక్ చేశాను. ఆ సంగతి కెనడాలో, మా విన్నిపెగ్‌లోని తెలుగువాళ్ళందరికీ వారంలోపే తెలిసిపోయింది.

మొదట ఫోన్ చేసింది మా వీధి చివర ఉండే ఆంటీ. ఆవిడ చెడ్డ మనిషి కాదు. మా ఆయన ఐసీయూలో ఉన్నన్నాళ్ళూ ఆ చలిలో డ్రైవ్ చేసుకుంటూ వచ్చి నాకు పప్పన్నం డబ్బా ఇచ్చి వెళ్ళిన మనిషి. ఇండియా వెళ్తే అత్తవారింటికి వెళ్ళాలి, లేదంటే కాశీకి వెళ్ళాలి గానీ ఎడారిలో రాజుల కోట చూడ్డమేమిటని అడిగింది. సంవత్సరీకం కాకుండా పొలిమేర దాటకూడదంది. డ్యూటీకి రోజూ ఊరి అవతలికే వెళ్తున్నాను కదా అన్నాను. ఆవిడకు నవ్వు రాలేదు.

"అసలు ఇప్పుడెందుకమ్మా?"

"చూడాలనుంది ఆంటీ. అంతే."

నిజంగానే అంతకు మించి కారణం లేదు. పెళ్ళయ్యాక ఇండియా వెళ్ళిన ప్రతిసారీ సెలవంతా చుట్టాల ఇళ్ళకే సరిపోయేది. నాకు నచ్చిందని ఒక్క ఊరూ చూడలేదు. మాంట్రియల్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి క్రిస్మస్ సెలవుల్లో తనూ వస్తానంది. దానికి తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది.

బికనేర్ కోట ఊరి మధ్యలోనే ఉంది. బయట ఆటోల హారన్లు, లోపల ఎర్రరాతి గోడల చల్లదనం. మేం మాట్లాడుకున్న గైడ్ నడివయసు మనిషి, మర్యాదస్తుడు. నా హైదరాబాదు హిందీ విని నవ్వలేదు. లోపలి ద్వారం దగ్గరికి రాగానే గొంతు తగ్గించి పక్క గోడ చూపించాడు. రాతి మీద వరసగా అరచేతుల గుర్తులు ఉన్నాయి. వాటికి సిందూరం పూసి ఉంది. రాజు యుద్ధంలో పోతే చితి ఎక్కడానికి వెళ్తూ రాణులు ఇక్కడ చేతి గుర్తులు వదిలి వెళ్ళారని చెప్పాడు. బస్సులో వచ్చిన ఆడవాళ్ళ గుంపు ఒకటి మా ముందే ఉంది. వాళ్ళు ఒక్కొక్కరే ఆ చేతులను తాకి కళ్ళకు అద్దుకుంటున్నారు.

సార్ రాలేదా అని గైడ్ నన్ను అడిగాడు. పోయారని చెప్పాను. అతను తల మీది టోపీ తీశాడు. నిజంగానే బాధపడ్డాడు.

"అయితే మీరు తప్పకుండా దండం పెట్టుకోవాలి మేడమ్. మనశ్శాంతి దొరుకుతుంది" అన్నాడు.

అలవాటు కొద్దీ నా చేతులు సగం వరకు లేచాయి. అప్పుడే మా అమ్మాయి నా వెనక నుంచి అడిగింది.

"అమ్మా, డిడ్ దే వాంట్ టు?"

వాళ్ళు సంతోషంగానే వెళ్ళారని గైడ్ చెప్పాడు. నేను గోడ దగ్గరికి జరిగి చూశాను. ఒక చెయ్యి మరీ చిన్నది. పదో తరగతి చదివే పిల్ల చెయ్యంత ఉంటుంది. నా చేతులు దించేశాను.

"నేను దండం పెట్టను" అన్నాను. "మా ఆయన పోయినప్పుడు నేనూ చచ్చిపోతే బాగుండుననుకున్నాను. అన్నం ముట్టలేదు. కొన్నాళ్ళకు తిన్నాను. ఈ పిల్లకు ఆ కొన్నాళ్ళు ఎవరిచ్చారు?"

నా గొంతు పెద్దదే అయినట్టుంది. గుంపులో ముసుగేసుకున్న ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. తన భాషలో ఏదో అంది. తిట్టిందో, అవునందో నాకు తెలియదు. పెద్దలు చెప్పిందే తను చెప్తున్నానని గైడ్ అన్నాడు. అతనితో నేను గొడవ పెట్టుకోలేదు. కానీ తల వంచకుండానే ఆ ద్వారం దాటాను.

లోపల ఒక గదిలో గోడల నిండా నీలి మేఘాలు గీశారు. మేఘాల కింద వాన చారలు. ఏళ్ళ తరబడి వాన పడని ఊళ్ళో పిల్లలు వాన అంటే ఏమిటో చూసుకోవడానికని గైడ్ చెప్పాడు. మా అమ్మాయి ఆ గోడ ముందు దోసిలి పట్టి నిలబడి ఫోటో తీయమంది. నాకు పకపకా నవ్వొచ్చింది. అన్ని నెలల్లో అదే మొదటిసారి. నవ్వినందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వాలనిపించలేదు.

మరుసటి ఏడు శ్రావణ శుక్రవారం విన్నిపెగ్‌లో ఒకరింట్లో వరలక్ష్మీ వ్రతం. నన్ను భోజనానికి రమ్మన్నారు. నేను ఎర్ర పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. ఇండియా నుంచి వచ్చిన ఆ ఇంటావిడ తల్లి కుంకుమ పళ్ళెం పట్టుకుని అందరికీ బొట్టు పెడుతూ వచ్చి, నన్ను దాటి పక్కావిడకు పెట్టారు.

"నాకు పెట్టలేదండీ" అన్నాను.

తెలియక అడుగుతున్నావా అన్నారావిడ, మెల్లగానే.

"తెలిసే అడుగుతున్నానండీ. ఊయల్లో ఉన్నప్పుడే మా అమ్మ పెట్టిన బొట్టు ఇది. ఆయనతో రాలేదు, ఆయనతో పోదు."

ఆవిడ కదల్లేదు. నేనే పళ్ళెంలో వేలు పెట్టి కుంకుమ తీసి నుదుట పెట్టుకున్నాను. తర్వాత అందరితో పాటు కూర్చుని పూర్ణాలు తిన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు వీధి చివరి ఆంటీని నేనే కారులో దింపాను. ఇల్లు వచ్చినా ఆవిడ వెంటనే దిగలేదు.

"మీ అంకుల్ ముందు పోతే నన్ను కూడా ఇలాగే దాటేస్తారు కదమ్మా" అంది.

"నేను పిలుస్తాను ఆంటీ" అన్నాను.

పై శుక్రవారం మా ఇంట్లో నేనే పేరంటం చేశాను. అందరినీ పిలిచాను. కొందరు పిల్లలకు స్విమ్మింగ్ క్లాసు ఉందన్నారు, కొందరు ఏమీ అనకుండానే మానేశారు. ఆ తర్వాత రెండు కుటుంబాలు నన్ను పిలవడం ఆపేశాయి. పిలవకపోతే మానె. కాలేజీలో చదువుకునే అమ్మాయిలు పార్ట్‌టైమ్ షిఫ్టు నుంచి తిన్నగా జీన్స్‌లోనే వచ్చారు. ఆంటీ అందరికంటే ముందే వచ్చి పులిహోర కలిపింది. బొట్టు మాత్రం అందరికీ నేనే పెట్టాను.