రాతిబల్ల మీద టిష్యూ ప్యాకెట్లు

"ఆంటీ, నా సీటు చోప్ చేసి పెట్టు లా."

"పెడతాలే. ముందు ఆ జుట్టు కత్తిరించుకుని పో."

మాట చివర లా తగిలించే సురేశ్‌తో నేను ఆడిన ఆఖరు మాటలివి. వాడు ఇక్కడి మగపిల్లలందరికీ తప్పని మిలిటరీ సర్వీసుకు వెళ్లాడు, వాళ్ల అమ్మమ్మ బుకిట్ బటోక్ పేటకు మారిపోయింది. మళ్లీ కనపడలేదు. నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు సునీత రాస్తోంది.

రెండువేల సంవత్సరం, సముద్రం దాటి వచ్చిన ఈ దేశంలో జురాంగ్ వెస్ట్ అనే పేట. కంప్యూటర్ ఉద్యోగాలకని మనవాళ్లు విమానాల నిండా దిగుతున్న రోజులు. మా ఆయన పోయాక నేను మా బ్లాకు కింద కాఫీషాపులో టీ కలిపేదాన్ని. రెండు చెంబుల మధ్య బారెడు ఎత్తున టీ లాగి పోయాలి. చూపు పక్కకు పోతే చెయ్యి కాలుతుంది. అయినా నా చూపు వాయిడ్ డెక్ మీదే ఉండేది. బ్లాకు కింద గోడల్లేకుండా వదిలేసిన జాగా అది. పెళ్లిళ్లూ అక్కడే, చావులూ అక్కడే. మధ్యలో ఒక రాతిబల్ల, చుట్టూ రాతిపీటలు.

ఆ బల్ల మాదంటే మాదని మా బ్లాకు కుర్రాళ్లూ, పక్కపేట బూన్ లే కుర్రాళ్లూ కొట్టుకునేవారు. ఒకసారి ఒకడి చెయ్యి పారంగ్‌తో, అంటే మచ్చుకత్తితో, తెగింది. నా టీగుడ్డతోనే కట్టు కట్టాను. మా బ్లాకు గుంపులో సురేశ్ ఉన్నాడు. తాతల నాటినుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్ల పిల్లాడు, తల్లీ తండ్రీ లేరు. అమ్మమ్మ అప్పలమ్మ పెంచింది. ఇంకో కొట్లాట జరిగితే వాడు జైలుకన్నా పోతాడు, కాటికన్నా పోతాడు.

బ్లాకు కమిటీ మీటింగు పెట్టింది. పోలీసు సార్జెంటు వచ్చాడు. మిస్ టాన్ అనే సోషల్ వర్కర్ వచ్చింది. దారి తప్పే పిల్లల వెంట తిరగడమే ఆ అమ్మాయి ఉద్యోగం. తరిమితే మళ్లీ వస్తారు, సాయంత్రం పూట ఆ బల్ల ఖాళీగా ఉండకూడదు అందామె. ఇళ్లవాళ్లు వంతులేసుకుని కూడు కిందికి తెచ్చుకుని తినాలట. ముందే పీటకో టిష్యూ ప్యాకెట్ పెట్టాలట. ఇక్కడ తిండికొట్లుండే హాకర్ సెంటర్లో అలా పెడితే ఆ సీటు మనదే, దాన్నే చోప్ అంటారు.

నేను నవ్వాను. "పోలీసు జీపుకే బెదరని వెధవలు, కాగితానికి బెదురుతారామ్మా?"

"బెదరక్కర్లేదు ఆంటీ. చిన్నప్పటి అలవాటు కదా, ముట్టుకోరు," అందామె.

శనివారం సాయంత్రం బూన్ లే వాళ్లు వస్తున్నారని పుకారు. ముందు మావాళ్లు దిగారు. సురేశ్ చంకలో న్యూస్‌పేపరు చుట్టిన పొడుగాటి పొట్లం. బల్ల దగ్గర మనిషి లేడు, పీటలన్నిటి మీదా టిష్యూ ప్యాకెట్లు. గుంపు ఆగిపోయింది.

"ఎవరో చోప్ చేశారు లా," అన్నాడు సురేశ్.

తీసి పారెయ్యమని ఒకడన్నాడు. ఎవరి చెయ్యీ లేవలేదు. మనిషి మీద కత్తెత్తే చేతులు టిష్యూ ప్యాకెట్ మీదికి పోలేదు. నా చెంబులో టీ చల్లారిపోయింది.

లిఫ్టు తెరుచుకుంది. అన్నం గిన్నెతో అప్పలమ్మ, చేపల కూరతో మలయ్ పొరుగింటావిడ, నూడుల్స్‌తో పై అంతస్తు చైనా ముసలాయన వచ్చారు. అప్పలమ్మ పీట మీద కూలబడింది.

"ఏరా, చంకలో ఏంటది, ఆనపకాయా? ఇటు తే, కూర వండుతాను."

వాడు పొట్లం ఇచ్చేశాడు. ఆమె దాన్ని కాళ్లకింద పెట్టుకుని వాడికి అన్నం కలిపింది.

బూన్ లే వాళ్లు వచ్చేసరికి అందరూ తింటున్నారు. ఎవరిని కొట్టాలో తెలియక నిలబడ్డారు. మలయ్ ఆవిడ మకాన్, మకాన్ అని తిండికి పిలిచింది. కొందరు వెనక్కి పోయారు, కొందరు కూర్చున్నారు.

పొట్లం సార్జెంటుకు చేరింది. సురేశ్‌ను స్టేషనులో మందలించి మిస్ టాన్‌కు అప్పగించారు. ఆ తర్వాత ప్రతి శనివారం ప్యాకెట్లు పెట్టే పని వాడిదే.

పాడైపోయాడనుకున్న పిల్లాడిలో కూడా మంచి అలవాటొకటి మిగిలి ఉంటుందని నేను అక్కడ నేర్చుకున్నాను. ఇక్కడివాళ్లు దాన్ని వెతికి పట్టుకుని, బ్లాకంతా కలిసి దానిమీదే నిలబడ్డారు. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది.

ఇక చాలు సునీతా. ఒకసారి చదివి వినిపించు. వాడు సీటడిగిన కాడినుంచి చదువు.