జిప్పు ఫైలు

మంచిర్యాలలో కరీంనగర్ బస్సెక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్ళో కొత్త జిప్పు ఫైలు ఉంది. నా సర్టిఫికెట్లు బట్టల దుకాణం కవర్లో ఉన్నాయి. ఇద్దరం నర్సింగ్ సీటు కోసమే పోతున్నాం.

"మా బాపు నిన్ననే కొనుక్కచ్చిండు," అని ఆమె ఫైలు నిమిరింది. నాకు కుళ్ళు పుట్టింది.

గోదావరి దాటగానే ముందు సీట్లోని ముసలమ్మకు వాంతి వచ్చింది. నేను కవరు హత్తుకుని కాళ్ళు వెనక్కి తీసుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం జిప్పు లాగి, కాగితాలన్నీ నా ఒళ్ళో పెట్టింది.

"జర పట్టుకో అక్కా, గాలికి పోతయి."

ఖాళీ ఫైలు ముసలమ్మ నోటి కింద పట్టి, "ఏం ఫికర్ చెయ్యకు అవ్వా, కక్కెయ్యి," అంటూ వీపు రాసింది.

పైనున్న కాగితం ఆమె ఇంటర్ మెమో. మార్కులు నాకంటే ఎక్కువ. నా పక్కన కిటికీ తెరిచే ఉంది. ఒక్క క్షణం నా వేళ్ళు వదులయ్యాయి. మళ్ళీ గట్టిగా పట్టుకున్నాను.

బస్సు ఆగినప్పుడు ఆమె దిగి ఫైలు పారేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాక, "మీ బాపు ఫైలు ఏదని అడిగితే?" అన్నాను.

"బస్సుల మరిచిపోయిన అంట."

కరీంనగర్ దాకా ఇద్దరి కాగితాలూ నా కవర్లోనే ఉన్నాయి.

నాకు సీటు వచ్చింది. ఆమెను మళ్ళీ చూడలేదు. ఇప్పటికీ వార్డులో ఎవరైనా వాంతికి ఒంగితే నేను ముందు ట్రే కోసం వెతుకుతాను. అది దొరికేలోపు ఆ పిల్ల గుర్తొచ్చి కుళ్ళు పుడుతుంది.