పొగలో ఓబులమ్మ చెయ్యి

మొన్న మా అపార్ట్‌మెంటుకు ఫైరింజన్ వాళ్లొచ్చి, పొగలో మనిషిని ఎట్లా వెతకాలో చూపించినారు. గోడకు చెయ్యి ఆనించి, నేలమీద పాకుతా పోయినారు. నాకు ఓబులమ్మ గుర్తొచ్చింది.

బోదగడ్డి కప్పిన కొట్టాల్లో పెరిగినోళ్లకు తెలుసు కదా, ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు. తనకల్లు దగ్గర మా పల్లె. నాకప్పుడు ఎనిమిదేండ్లు. అమ్మా నాయనా కూలికి పోయినారు. నేను పొయ్యి రాజేస్తే కప్పు అంటుకుంది. కొడతారని భయపడి జొన్నల గాదె ఎనక దాక్కున్నా. బయటినుంచి పిలుస్తాండారు, నేను పలకలేదు.

"లోపల ఎవరూ లేరులే" అన్నారెవరో.

"పాప బయటికి రాలేదప్పా, నేను చూస్తానే ఉండా" అన్నింది ఓబులమ్మ. మేకలు కాసుకుంటా ఒంటిగా బతికే మనిషి. బావి ఎండిపోయింది. తాగే నీళ్ల కడవే కంబళి మీద కుమ్మరించుకుని లోపలికి పాకింది. గోడ తడుముతా, మూలమూలా చెయ్యి పెట్టి వెతుకుతా వచ్చింది. ముందు తడి కంబళి వాసన, తర్వాత నా కాలిమీద ఆమె చెయ్యి.

"ఎవురూ కొట్టర్లే పాపా. తల ఎత్తొద్దు. నా కొంగు ఇడువద్దు."

మేం బయటపడినాక కప్పు కూలింది. అమ్మ చేని నుంచి పరుగెత్తుకొచ్చి నన్ను ఒళ్లో వేసుకుంది. ఊరంతా మా చుట్టూ చేరింది. ఓబులమ్మ దూరంగా కూర్చుని, కాలిన చేతులు ఒళ్లో పెట్టుకుని దగ్గుతాండాది. ఆమె దగ్గరికి ఎవరూ పోలేదు. నేను చూస్తానే ఉన్నా, అమ్మ ఒళ్లోంచి లేయలేదు.

నెల తిరక్కుండానే ఓబులమ్మ మేకలు అమ్మేసి గుమ్మఘట్టలో చెల్లెలింటికి ఎళ్లిపోయింది. పొగ పట్టి, మేకల్ని పిలిచేదానికి గొంతు రాలేదంట.