నరికిన చేతులతోనే

నా చిన్నప్పుడు మా చిన్నాయన ఒక మనిషిని కొడవలితో నరకడం కళ్ళారా చూశాను. మాది చౌడేపల్లె దగ్గర చిన్న పల్లె. నరుకుడు పడింది పక్కింటి అక్క తమ్ముడికి. వాళ్ళ ఆవు తాడు తెంపుకుని మా టమాటా తోటలో పడింది. చిన్నాయన దాన్ని బాదుతుంటే ఆ అబ్బాయి వచ్చి చొక్కా పట్టుకున్నాడు. మాటా మాటా పెరిగింది. కొడవలి లేచింది. తొడ తెగి, రక్తం చిమ్మి టమాటా ఆకుల మీద పడింది.

పక్కింటి అక్క మదనపల్లె ఆసుపత్రిలో పనిచేసేది. ఆపరేషన్ థియేటర్‌లో డాక్టరు పక్కన నిలబడి సాయం చేసే ఉద్యోగం. ఆ రోజు సెలవు మీద ఇంట్లో ఉంది. కేకలు విని చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. తమ్ముణ్ణి చూసి ఏడవలేదు. పైట చించి గాయంలోకి కుక్కి, రెండు చేతులతో అదిమింది. సన్నటి మనిషి, బలం చాలలేదు. గుడ్డ పక్కల నుంచి రక్తం పొంగుతూనే ఉంది. తలెత్తి చూసింది. అప్పటికి అక్కడున్నది నేనూ, కొడవలి జారవిడిచి కొయ్యబారిపోయిన చిన్నాయనా.

"ఇట్లా రా. ఈడ నొక్కు. నీ బరువంతా ఏసి నొక్కు," అంది చిన్నాయనతో.

ఆయన కదల్లేదు. ఆమె ఆయన మణికట్టు పట్టి లాగి మోకాళ్ళ మీద కూలేసింది. "వదిలినావంటే సస్తాడు."

ఆయన నొక్కాడు. రక్తం ఆగింది.

అంతలో అక్క వాళ్ళ మనుషులు కర్రలతో వచ్చిపడ్డారు. మొదటి దెబ్బ చిన్నాయన వీపు మీద పడింది, రెండోదానికి చెవి చిట్లింది. ఆయన చేతులు తీయలేదు. అక్క అడ్డంగా నిలబడింది.

"ఎవురూ వీని మీద సెయ్యెయ్యొద్దండి. వీని సేతులు జారితే నా తమ్ముడు పోతాడు."

కర్రలు ఎత్తినవి ఎత్తినట్టే ఆగిపోయాయి.

రోడ్డు మీద పోతున్న పాలవ్యాను ఆపి, క్యాన్లు దించి, ముగ్గురినీ ఎక్కించారు. చిన్నాయన వెనకాలే నేనూ ఎక్కాను. ఎవరూ దించలేదు. పుంగనూరు దాటి మదనపల్లె చేరేదాకా కర్రలు పట్టుకున్నవాళ్ళు ఆయన నెత్తి మీదే నిలబడ్డారు. ఆసుపత్రిలో డాక్టరు వదలమన్నా చిన్నాయన వేళ్ళు విడివడలేదు. అక్కే ఒక్కొక్కటీ విడదీసి, తమ్ముడితో లోపలికి వెళ్ళిపోయింది.

ఆ అబ్బాయి బతికాడు, ఒక కాలు కుంటుతూ. చిన్నాయన జైలుకు వెళ్ళొచ్చాడు. రెండిళ్ళ మధ్య మాటలు మళ్ళీ కలవలేదు. అక్క మాత్రం నాతో మాట్లాడేది. నేను పెద్దదాన్నయ్యాక తన ఆసుపత్రి పనిలోకే తీసుకెళ్ళింది. మా చిన్నాయన్ను కాపాడాలనే ఆ రోజు అలా చేశావా అని ఒకసారి అడిగాను.

"లేదు మే. నాకూ వాన్ని సంపెయ్యాలనే ఉండె. ఆ పొద్దు ఇంకో జత సేతులు కావాల్సొచ్చె. దగ్గరుండేవి వానివే."

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. మా ఆసుపత్రికి కుప్పం నుంచీ పలమనేరు నుంచీ కూడా కత్తిపోట్లవాళ్ళు వస్తుంటారు. వెంట వచ్చిన రెండు వైపులవాళ్ళూ థియేటర్ తలుపు దగ్గరే ఒకరినొకరు చంపుకునేలా ఉంటారు. అందరికన్నా గట్టిగా అరిచేవాణ్ణి పిలిచి సెలైన్ సీసా చేతికిస్తాను, స్ట్రెచర్ తోయమంటాను. చేతులు నిండాక చాలామంది గొంతు దానంతటదే దిగుతుంది. దిగనివాళ్ళూ ఉంటారు. వాళ్ళకూ ఏదో ఒకటి పట్టుకోమని ఇస్తూనే ఉన్నాను.