యానాం ఫరంపేటలో ఒక పళ్ళచక్రం కోసం

మా ఆయన రాజమండ్రిలో ముప్పై ఏళ్ళు రేడియోలు బాగుచేశారు. కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. డాక్టరుగారు ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నారు. "నేనేమన్నా చంటిపిల్లాడినా" అని ఆయన దాన్ని మంచం కిందికి దొర్లించేసి, ఆ చేతిని తువ్వాలు కింద దాచుకునేవారు. చివరికి ఆ చేతిని కదిలించింది ఒక పాత జ్యూక్‌బాక్స్. వెనకటి రోజుల్లో కూల్‌డ్రింకు షాపుల్లో ఉండేది చూడండి, పావలా వేసి మీట నొక్కితే మనం కోరిన రికార్డు తనే తీసి పాడే పెట్టె, అది. మూసేసిన షాపులోంచి ఆయన స్నేహితుడు తెచ్చి మా వరండాలో దింపాడు. ఈయన స్క్రూడ్రైవరు పట్టుకున్నారు. జారిపడితే ఎడమచేత్తో తీసి మళ్ళీ కుడిచేతికే అందించుకునేవారు. కొన్ని నెలలకి వేళ్ళు ముడుచుకోవడం వచ్చింది. దీపం దగ్గర రెండు చేతులూ కలిపి దణ్ణం పెట్టుకోవడం చూసి నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

అంతలో పని ఆగిపోయింది. ఆ పెట్టెలో రికార్డులన్నీ ఒక గుండ్రటి చట్రంలో నిలబెట్టి ఉంటాయి. ఆ చట్రాన్ని తిప్పే పళ్ళచక్రం, అరచేతిలో పట్టేంతది, బాగా అరిగిపోయి ఉంది, ముట్టుకుంటే కొన్ని పళ్ళు పొడిగా రాలాయి. లేతు మిషను దగ్గర ఇత్తడితో చేయిస్తే రికార్డు దగ్గర ఆగాల్సినది దాటిపోయి ఆగింది. హైదరాబాదు పాత సామాన్ల బజారులో వెతికించాం, ఇంటర్నెట్టులో చూశాం. ఎక్కడా దొరకలేదు. ఆయన చెయ్యి మెల్లగా మళ్ళీ తువ్వాలు కిందికి వెళ్ళిపోయింది. అప్పుడు ఆ స్నేహితుడే ఫోను చేసి, యానాంలో ఫరంపేటలో అచ్చం ఇలాంటి పెట్టె ఒకటి ఉండేదన్నాడు. ఈయన బస్సు మెట్లు ఎక్కలేరు కనుక, అరిగిన చక్రాన్ని పాత నూలుగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టుకుని ఒక శుక్రవారం నేనే బయల్దేరాను.

రాజమండ్రి నుంచి ఉదయం ఆరింటి బస్సు రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం వెళ్తుంది. రెండు గంటలు పట్టింది. అక్కడ దిగి భీమేశ్వరస్వామి దర్శనం చేసుకున్నాను. పొద్దున్నే జనం లేరు, రాతినేల చల్లగా ఉంది. ఏం కోరుకోవాలో తెలియక, ఆయన చెయ్యి ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ నిలబడ్డాను. గుడి బయట రెండిడ్లీ తిని యానాం బస్సెక్కాను. ఒక గంటలోపే ప్రయాణం, టిక్కెట్లు రెండూ కలిపినా వంద దాటి కొంచెమే అయింది. మంచు ఇంకా విడలేదు. కొబ్బరిచెట్లు మొదళ్ళు లేకుండా తెల్లటి గాలిలో తేలుతున్నట్టున్నాయి. రొయ్యల చెరువుల్లో గాలి చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. ఆ రోజు నా కళ్ళు తిరిగేవాటినే వెతుక్కున్నాయి. సైకిలు చక్రం, బావి గిలక, ఏది కనిపించినా బస్సు దాటిపోయేదాకా దాన్నే చూశాను.

యానాంలో దిగగానే ఆటో అబ్బాయి ఎదురొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, పేరు సత్తిబాబు, మెట్టకూరు మనిషి.

"ఎక్కడికండి అమ్మగారూ?"

"ఫరంపేట బాబూ. అక్కడ ఎవరింట్లోనో జ్యూక్‌బాక్స్ ఉందట."

"అదేటండి, కరెంటు సామానా?"

"పాటలు పాడే పెట్టె. పైన అద్దం ఉంటుంది, లోపల రంగు లైట్లు వెలుగుతాయి."

"ఆయ్, మరియమ్మ పెట్టా! ముందే అలా చెప్పొచ్చు కదండీ. ఎక్కండి."

రానూపోనూ, అక్కడ ఆగడానికి కలిపి మూడొందలన్నాడు. మరియమ్మ పెట్టె ఏమిటని అడిగితే, "మా ఆవిడ పురుడప్పుడు ఆవిడ మా వైపే ఆగిందండి, కాన్పు సుఖంగా అయింది" అన్నాడు. మీరు క్రైస్తవులా అంటే, "కాదండి. అయితే మాత్రం, ఆవిడ చూసింది కదండీ" అని హారను కొట్టాడు. నాకేమీ అర్థం కాలేదు.

పెంకుటిల్లు, ముందు పొడుగాటి అరుగు. ఆ ఇంటావిడ రోజమ్మగారికి అరవై దాటుంటాయి, ఒంటరి మనిషి. ఎందుకొచ్చానని అడగకుండానే లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేసింది. గది నాలుగు గోడల వెంటా కుర్చీలున్నాయి, నడిమధ్యన ఆ పెట్టె. మాదే అనుకున్నాను, అంత ఒకేలా ఉంది. అద్దం లోపల రికార్డులు లేవు. వాటి చట్రం మీద నీలం పైటతో మరియమ్మ బొమ్మ, చేతులు చాచి, మెడలో మల్లెదండతో ఉంది. రోజమ్మగారు స్విచ్చు వేసింది. లైట్లు వెలిగాయి. మరియమ్మ తిరగడం మొదలుపెట్టింది, నిద్రలో ఒత్తిగిలినంత మెల్లగా. ఎర్రటి వెలుగూ పచ్చటి వెలుగూ ఆ మొహం మీదుగా వెళ్ళి గోడల మీద నడిచాయి. నా వైపు వచ్చినప్పుడు, గుళ్ళో హారతి వచ్చినప్పటిలాగే తల వంచాను. తల ఎత్తేసరికి చూపు చట్రం అడుగుకి పోయింది. నేను వచ్చింది ఆవిడ పాదాల కింద తిరుగుతున్న ఆ చక్రం కోసమే.

ఎదురుగా కూర్చుని రోజమ్మగారు తీరిగ్గా చెప్పింది. వాళ్ళ మామగారికి గోదావరి దాటించే పంటు రేవులో కూల్‌డ్రింకు షాపు ఉండేదట. ఎదుర్లంక వైపు దాటే జనం పంటు కోసం కాసుకుని కూర్చుని పాటలు పెట్టించుకునేవారు. వంతెన వచ్చాక రేవులో ఆగేవాళ్ళు లేరు. షాపు మూసి పెట్టెను ఇంటికి తెచ్చారు. అప్పటికే పాట రావడం లేదు, లైట్లూ చట్రమూ మాత్రం పని చేస్తున్నాయి. దుమ్ము పడదని మరియమ్మను లోపల పెట్టిందావిడ. రోజూ సాయంత్రం ఇరుగుపొరుగు వచ్చి చేసే జపం అయ్యాక కళ్ళు మూసుకుని స్విచ్చు ఆపుతుంది. ఎవరి వైపు ఆగితే ఆ రోజు వాళ్ళ మొర ముందు వింటుందని వాడకట్టంతా నమ్మకం.

"మరి మిగతావాళ్ళవి?" అన్నాను.

"వింటుంది చెల్లెమ్మా. కాకపోతే వరసలో."

చక్రం మాట పక్కన పెట్టాను. ఫోనులో మా పెట్టె ఫోటో చూపించి, మా ఇంట్లోనూ ఇలాంటిదే ఉందన్నాను. ఆవిడ సంబరపడి, "ఏ దేవుణ్ణి కూర్చోబెడుతున్నావు?" అంది. చాలాసేపు పెట్టె గురించే మాట్లాడుకున్నాం. చివరికి డబ్బా తెరిచి అరిగిన చక్రం ఆవిడ అరచేతిలో పెట్టాను. దాన్ని చూసింది, పెట్టె అడుగు వైపు చూసింది.

"ఇదా కావాలి."

"అవునక్కా."

"ఆవిణ్ణే అడుగుదాం" అని లేచింది. స్విచ్చు వేసి, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ ఉండి, ఆపేసింది. మరియమ్మ ఇంకొంచెం తిరిగింది. నా కుర్చీ దగ్గరికి వచ్చింది, దాటింది, వంటింటి గుమ్మం వైపు ఆగింది.

రోజమ్మగారు కళ్ళు తెరిచి చూసి, "అన్నం పెట్టమంటోంది. లే" అంది.

అరుగు మీంచి సత్తిబాబు, "నాకూ కలిపే చెప్పిందాండి?" అన్నాడు.

"నీ ఆకలి గోల వినబడే అటు తిరిగినట్టుందిరా. రా."

శుక్రవారం చేప ముట్టనని మొహమాటపడుతూ చెప్పాను. ఇది ఈస్టరు ముందు తపస్సుకాలం, శుక్రవారం మా ఇంట్లోనూ నీసుండదులే అంది. గోంగూర పప్పు, వంకాయ కూర, గడ్డ పెరుగు. తింటూ తింటూ మా ఆయన చెయ్యి గురించి, తువ్వాలు గురించి చెప్పేశాను. ఆవిడ ముద్ద కలుపుతూ, "చక్రం కావాలన్నావు గానీ ఎవరికో చెప్పలేదేమా అని చూస్తున్నాను" అంది.

చేతులు కడుక్కుని వచ్చేసరికి మా ఆయన వీడియో కాల్ చేశారు. స్విచ్చు వేసి పెట్టెను చూపించాను. అలవాటైన కళ్ళు కదా, ఒక్క చూపులో గ్రహించారు.

"అది నడుస్తోంది కదే. నడుస్తున్నదాన్ని ఆపి మనది నడిపించుకుంటామా? వచ్చెయ్యి."

ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ ఆ గొంతు, బంతిని మంచం కిందికి దొర్లించిన నాటి గొంతే. రోజమ్మగారు నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"తమ్ముడూ, నేను రోజమ్మను. ఏదీ, ఆ చెయ్యి చూపించు."

ఆయన మెల్లగా తువ్వాలు పక్కకి తీశారు. వేళ్ళు సగం ముడుచుకుని, చెయ్యి ఎవరో వదిలేసిన వస్తువులా ఉంది. ఆవిడ జాలిపడలేదు. కూరగాయ చూసినట్టు చూసింది.

"ఇక మరియమ్మను నేను తిప్పుకుంటాను. నాకు చెయ్యి ఉందిగా. నువ్వు నీది చూసుకో."

రోజమ్మగారు తలమీద కొంగు కప్పుకుని, అద్దం ఎత్తి, బొమ్మను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సత్తిబాబు ఆటోలోంచి పానాలు తెచ్చాడు. మా ఆయన ఫోనులోంచి ఏ మర ముందు విప్పాలో, ఎటు లాగకూడదో చెబుతూ వచ్చారు. మొదట గొణుగుతున్నట్టు చెప్పారు, చివరికి సత్తిబాబును కసిరారు కూడా. చక్రం బయటికి వచ్చింది, ఒక్క పన్నూ పోలేదు. డబ్బు మాటెత్తితే, "ఆవిడ కూర్చున్న పీటకి ధర కడతావా" అంది. బొమ్మను మళ్ళీ చట్రం మీద పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని చేత్తో తిప్పింది. "కళ్ళు తెరిచి తిప్పితే రోజూ నా వైపే పెట్టేసుకుంటాను" అని నవ్వింది.

నాలుగింటి బస్సుకి బయల్దేరాను. ఎండ మెత్తబడి పొలాల మీద పసుపు నీళ్ళు చల్లినట్టుంది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఏది కలో ఏది నిజమో తెలియకుండా వచ్చాను. దీపాల వేళ దాటి ఇల్లు చేరేసరికి మా ఆయన వరండాలో పెట్టె ముందు కూర్చుని ఉన్నారు. చక్రాన్ని నేను ఎడమచేతికి ఇవ్వబోయాను. ఆయన కుడిచెయ్యి చాచారు.

ఇప్పుడు ఆ పెట్టె పాడుతోంది. పాట మొదట్లో కాస్త గరగరమంటుంది, తర్వాత సర్దుకుంటుంది. ఎక్కడో ఒకచోట తిరుగుతున్నది ఆగితేనే మా వరండాలో ఇది తిరిగిందన్న దిగులు మాత్రం నాకు పోలేదు. శుక్రవారం సాయంత్రాలు రోజమ్మగారికి ఫోను చేసి, ఇవాళ ఎటు ఆగిందని అడుగుతాను. మొన్న, "గోడ వైపు ఆగిందే. ఆ గోడ అవతల మీ ఊరేగా" అంది. నా భీమేశ్వరుడికీ ఆ మరియమ్మకీ ఒకే దీపంతో దణ్ణం పెట్టుకున్నాను. ఏది ఎవరి వరమో విడదీసి చూడాలని అనిపించలేదు.

ఇలాంటి పాత యంత్రాల భాగాల కోసం వెళ్ళేవారికి ఒక్క మాట. ఫోటో ఒక్కటే నమ్ముకోకండి, అందులో పళ్ళ సంఖ్యా మందమూ తెలియవు. అరిగిన ముక్కనే నూలుగుడ్డలో చుట్టి గట్టి డబ్బాలో పెట్టుకెళ్ళండి. వెళ్ళగానే దాన్ని అవతలివారి చేతిలో పెట్టి, ఎవరి కోసం వచ్చారో ముందే చెప్పండి.